సీటీలో ఏమీ లేదన్నాక

కర్నూలు

చిరంజీవి రఘుకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఫోన్ వచ్చినప్పటినుంచి నీ తమ్ముడే కళ్ళముందు మెదులుతున్నాడు. వెల్దుర్తి దగ్గర బైకు జారి మూడు వారాలైంది, తలకు తీసిన సీటీ స్కాన్ బాగానే ఉందన్నారు. అయినా బియ్యం తెమ్మంటే కొట్టుదాకా పోయి ఎందుకొచ్చాడో మరిచి తిరిగొస్తున్నాడు, వెలుతురు చూస్తే తల పట్టుకుంటున్నాడు. పని ఎగ్గొట్టడానికి నాటకాలని మీ నాయన అంటున్నాడట. ముందు ఆ మాట మాన్పించు. నర్సుగా చేరిన కొత్తలో నేనూ ఒక పిల్లవాణ్ణి "సీటీ బాగుంది, ఏం కాదు" అని పంపేశా. నెల తర్వాత వాళ్ళమ్మ వచ్చి ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ మరిచిపోలేదు.

సీటీ అబద్ధం చెప్పలేదు నాయనా. పుర్రె పగిలిందా, లోపల రక్తం కారిందా చూడటం దాని పని. తొలి గంటల్లో ప్రాణం నిలిపేది అదే. కణాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో దానికి కనబడదు. మెదడు బరువు ఒంట్లో నూటికి 2 పాళ్ళే, తినేది ఒంటి శక్తిలో 20 పాళ్ళ దాకా, అదీ ముఖ్యంగా చక్కెరే. పెట్ స్కాన్‌లో ఎఫ్‌డీజీ అనే, కాస్త రేడియోధార్మికత ఉన్న చక్కెరలాంటి మందు నరంలోకి ఎక్కించి, ఏ భాగం ఎంత పీల్చుకుంటోందో చూస్తారు. తలకు పెద్ద దెబ్బలు తగిలినవాళ్ళ మెదడు తొలిరోజుల్లో చక్కెరను అతిగా కాల్చేస్తుందని 1997లో లాస్ ఏంజెలెస్ డాక్టర్లు ఈ స్కాన్‌తోనే చూపారు. ఆ తర్వాత వారాల తరబడి ఆ వాడకం మందగిస్తుంది.

అట్లని నేరుగా పెట్‌కు పరిగెత్తొద్దు. న్యూరాలజిస్టుకు చూపించి, ఆయన చెబితే ఎమ్మారై తీయించు. చిన్న దెబ్బలకు పెట్ మామూలుగా చేసే పరీక్ష కాదు. నిద్రలేకున్నా, మనసు కుంగినా, కొన్ని మాత్రలు వాడినా చిత్రంలో ఆ మందగింపే కనబడొచ్చు. అందుకే ఇప్పటినుంచే నోటుబుక్కులో రోజూ రాయి: ఎంతసేపు నిద్రపోయాడు, ఏం మరిచాడు, తలనొప్పి ఎప్పుడొచ్చింది. ఆ బుక్కు లేకుండా పెట్ చిత్రం ఒక్కటే చూసి ఎవరూ తీర్పు చెప్పలేరు.

డాక్టరు పెట్ రాస్తే మాత్రం జాగ్రత్తలు శానా ఉన్నాయి. ముందురోజు బరువులెత్తనీయొద్దు. ఆ పొద్దున ఉగ్గాని బజ్జీ కాదు కదా, టీ కూడా వద్దు. నాలుగు నుంచి ఆరు గంటలు ఉత్త మంచినీళ్ళే. వాడే మాత్రలన్నీ చెప్పు, ఫిట్స్ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. షుగర్ చూసి సూదేస్తారు. ఆ మందులోని రేడియోధార్మికత 110 నిమిషాలకు సగమైపోతుంది, కాబట్టి చెప్పిన టైముకు పోవాల్సిందే. సూదేశాక అరగంటపైన మసక వెలుతురు గదిలో ఊరికే పడుకోవాలి. ఫోన్ వద్దు, మాటలొద్దు. మాట్లాడితే మాటల భాగం, చూస్తే చూపు భాగం చక్కెర లాగేసుకుని చిత్రం చెడుతుంది. నువ్వు పక్కన కూర్చుని ధైర్యం చెప్పాలనుకుంటావు, బయటే ఉండు. ఇంటికొచ్చాక ఆ పూట చంటిపిల్లల్నీ గర్భిణుల్నీ వాడికి దూరంగా ఉంచు.

ఇంకొకటి. వాంతులు పదేపదే అయినా, నిద్రమత్తు లేపినా వదలకున్నా, కాలో చెయ్యో పట్టుతప్పినా, ఫిట్స్ వచ్చినా ఏ అపాయింట్‌మెంట్ కోసమూ ఆగకు, క్యాజువాల్టీకి తీసుకుపో.

సోమవారం డాక్టరు దగ్గరికి నేనూ వస్తా. మీ నాయన్ను కూడా వెంటబెట్టుకుని రా.

మీ పెద్దమ్మ