బార్త్ సిండ్రోమ్: గుండెకీ మైటోకాండ్రియాకీ ఏంటి సంబంధం?

అక్కా, మీ బాబుకి బార్త్ సిండ్రోమ్ అని తేలింది, గుండె జబ్బుకి మైటోకాండ్రియా ఎందుకొచ్చిందని అడిగారు కదా. మైటోకాండ్రియా అంటే కణాల లోపలుండే చిన్న శక్తి కేంద్రాలు, గుండె కొట్టుకోవడానికి కావాల్సిన శక్తి చాలావరకు తయారయ్యేది అక్కడే. దాని లోపలి పొర మడతలు చెదరకుండా ఉంచే కొవ్వు కార్డియోలిపిన్. టఫాజిన్ అనే జన్యువులో లోపముంటే ఆ కొవ్వు సరిగ్గా తయారవదు, అదే బార్త్ సిండ్రోమ్. శక్తి చాలక గుండె కండరం సాగి, నీరసపడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు మీరు తిన్నదానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఆ మాటలు అసలు పట్టించుకోకండి.

జ్వరం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఈ పిల్లల్లో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు) తగ్గిపోతుంటాయి, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిరుమల వెళ్లినా మెట్లెక్కించొద్దు, క్యూలో ఆకలితో ఉంచొద్దు. ఎకో (గుండె స్కాన్) కోసం చిత్తూరు నుంచి తిరుపతి పద్మావతి పిల్లల గుండె ఆసుపత్రి దగ్గరే. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీదుంది, ఆ లోపం తల్లి వైపు ఆడవాళ్లలో బయటపడకుండానే ఉండొచ్చు కాబట్టి మీ చెల్లెలికి కూడా జెనెటిక్ కౌన్సెలింగ్ (వంశపారంపర్య జబ్బులపై డాక్టరు సలహా) అడగండి.