రోజూ నీళ్లు పోయకు చెల్లీ

చెల్లీ, తులసి వాడిపోతోందని నువ్వు పంపిన ఫోటో చూశాను. నీ కిటికీలో ఉన్నది తులసి కాదు, సబ్జా మొక్క. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. నాకైతే చెప్పేవాళ్లు లేక ఆరు నెలలు దాన్నే తులసి అనుకుని పెంచాను. రెండూ పుదీనా కుటుంబానివే. కాడని రెండు వేళ్ల మధ్య పట్టి తిప్పితే నాలుగు పలకలు తగులుతాయి, ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి, ఒక జంట తూర్పు పడమరలకి ఉంటే దానిపై జంట ఉత్తర దక్షిణాలకి తిరుగుతుంది, పువ్వుకి రెండు పెదవులుంటాయి. ఇంతవరకు చుట్టాలే. కానీ తులసి కాడ మీద సన్నటి నూగు ఉంటుంది, ఆకు అంచు రంపంలా ఉంటుంది, నలిపితే లవంగం ఘాటు. నీ ఫోటోలో ఆకు నున్నగా మెరుస్తోంది, కాస్త ఉబ్బింది కూడా. పెంచే పద్ధతి మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే.

"రోజూ సాయంత్రం నీళ్లు పోస్తున్నా వాడిపోతోంది" అన్నావు చూడు, అది చదవగానే నా మొదటి చలికాలం గుర్తొచ్చింది. నాలుగింటికే చీకటి, ఆఫీసు నుంచి వస్తే పలకరించే మనిషి లేడు. గదిలో ప్రాణం ఉన్నది ఆ కుండీ ఒక్కటే. తలుపు తీయగానే దాని దగ్గరికెళ్లి ఓ గ్లాసుడు నీళ్లు పోసేదాన్ని. కింది ఆకులు పసుపెక్కాయి, చివర్లు వాలిపోయాయి, దాహమేమోనని ఇంకో గ్లాసు పోశాను. చివరికి మొదలు మెత్తబడింది. పెకిలించి చూస్తే తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగు పీచులా చేతికి ఊడొచ్చాయి, బురద కంపు. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. మొక్కకి దాహం లేదు చెల్లీ, నాకే ఎవరూ లేరు.

అందుకే చెబుతున్నా, మట్టిలో వేలు పెట్టి చూసి పైన ఒక అంగుళం ఆరితేనే నీళ్లు పొయ్యి. చలికాలంలో అది వారం పట్టొచ్చు. కుండీకి అడుగున చిల్లులుండాలి. రాత్రిళ్లు 10 డిగ్రీల లోపుకి పోయే రోజుల్లో బయట ఉంచకు, ఆకులు కిటికీ అద్దానికి తగలనివ్వకు, చలికి నల్లబడతాయి. ఎండ ఆరేడు గంటలు చాలు, అది లేకపోతే మొక్కల లైటు కొనుక్కో. అసలు తులసి కావాలంటే గింజలు మట్టిపైన చల్లి మెల్లగా అదుము, లోతుగా పాతొద్దు. 20, 25 డిగ్రీల వెచ్చదనం ఉంటే ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి. ఇండియా నుంచి గింజలు తెచ్చుకోవడానికి రూల్స్ ఉన్నాయి, అవి నువ్వే చూసుకో.

ఇంకో మాట. పూల వెన్నులు రాగానే తుంచేస్తే కొమ్మలు గుబురుగా వస్తాయి. నాలుగంగుళాల కొమ్మని కణుపు కింద కోసి, కింది ఆకులు తీసి నీళ్లలో ఉంచితే వారం పది రోజుల్లో వేళ్లొస్తాయి. నేను అలా చేసిన మొదటి కొమ్మ ఎదురింటి పెద్దావిడకిచ్చాను. నా ఇంగ్లీషు ఆవిడకి సరిగ్గా అర్థం కాలేదు, ఆకు నలిపి వాసన చూసి లోపలికి రమ్మంది. రెండేళ్ల తర్వాత నా మొక్క చలికి పోతే, ఆవిడ కుండీలోంచే కొమ్మ తెచ్చుకున్నాను.

నీ మొక్క తేరుకుని కొత్త ఆకులు నాలుగు జంటలు రాగానే ఒక కొమ్మ కోసి నీళ్లలో పెట్టు. ఈలోగా ఎదురింట్లో ఎవరుంటారో కనుక్కో.