రేపు నా రూట్ ఉంటుందా?

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా పార్శిల్ ట్రక్కు నడుపుతున్నాను. మా డిపోలో రెండు రూట్లు కలిపేసి ఒక డ్రైవర్‌ని తీసేశారు. డ్రైవర్ లేని ట్రక్కులు వస్తాయంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదండీ.

జవాబు: నేనూ పదహారేళ్లు ఆ స్టీరింగే పట్టాను తమ్ముడూ. డ్రైవర్ లేని బండి హైవే మీద పరుగెత్తినా, మూడో అంతస్తుకి పెట్టె మోసి సంతకం తీసుకోలేదు. అసలు భయపడాల్సింది రూట్లు కలపడానికి, పనిని కాంట్రాక్టుకి ఇచ్చేయడానికి. నియామక పత్రం తీసి చూడండి, మీ యజమాని కంపెనీయా, మధ్యలో కాంట్రాక్టరా? నాకు ఆ సంగతి నన్ను పనిలోంచి తీసేసిన రోజే తెలిసింది! జీతం చీటీలు, రోజువారీ డెలివరీల లెక్క ఇవాళ్టి నుంచే దాచుకోండి. ఆ లెక్కలుండే కంపెనీ యాప్ మీకు మూసేస్తే అవి మీ చేతికి రాకపోవచ్చు. రాజీనామా కాగితం మీద మాత్రం తొందరపడి సంతకం పెట్టకండి.