ఊరు నగరంలో కలిసినప్పుడు ఇంటి కాగితాల సంగతి: మేనల్లుడికి అత్తమ్మ ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

అత్తమ్మ ఆశీస్సులు. మీ ఊరు హైదరాబాద్‌లో కలిసిందని, ఇంటి కాగితాలు, పన్ను, ప్లాటు, పొలం ఏమవుతాయని మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినవన్నీ నోటితో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను. దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ చూసుకో.

ముందు టెన్షన్ తగ్గించుకో. 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 గ్రామ పంచాయతీలను దగ్గర్లోని మునిసిపాలిటీల్లో కలిపారు. మీ ఊరు అలా ఘట్‌కేసర్ మునిసిపాలిటీలోకి వచ్చింది. ఏడాది తిరిగిందో లేదో, 2025 డిసెంబర్‌లో ఘట్‌కేసర్‌తో సహా 20 మునిసిపాలిటీలు, 7 కార్పొరేషన్లు జీహెచ్‌ఎంసీలో, అంటే గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్‌లో కలిశాయి. అంత తక్కువ కాలంలో ఆఫీసు రెండుసార్లు మారితే ఎవరికైనా భయమే. కానీ నీ సేల్ డీడ్‌కు వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు. సర్వే నంబరు అదే, గజాలు అవే, హద్దులు అవే. కొత్త ఆఫీసు వచ్చింది కాబట్టి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని ఎవరైనా చెబితే, డబ్బు గుంజడానికే చెబుతున్నారని అర్థం చేసుకో.

మారేదల్లా నీ ఇంటి లెక్క ఏ రిజిస్టర్‌లో ఉందనేది. ఎవరు ఎంత పన్ను కట్టాలో రాసే పంచాయతీ డిమాండ్ రిజిస్టర్ నుంచి మునిసిపాలిటీకి, అక్కడి నుంచి కార్పొరేషన్ కంప్యూటర్‌లోకి ఆ లెక్క ఎక్కేటప్పుడు పేరు తప్పు పడొచ్చు, ఇంటి నంబరు తప్పు పడొచ్చు, విస్తీర్ణం ఎక్కువ పడొచ్చు. నువ్వు కాపలా కాయాల్సింది అక్కడే.

2007 ఏప్రిల్ 16న 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు పాత హైదరాబాద్ కార్పొరేషన్‌తో కలిసి జీహెచ్‌ఎంసీ అయినప్పుడు నేను అలా కలిసిన ఒక మునిసిపాలిటీలో పన్నుల సెక్షన్‌లో ఉన్నాను. అప్పుడొచ్చిన ఒక పెద్దాయన ఇంకా కళ్లముందే ఉన్నాడు. ఒకే ఇంటికి రెండు బిల్లులు వచ్చాయి. ఒకటి చనిపోయిన తండ్రి పేరు మీద పాత నంబరుతో, ఇంకోటి ఆయన పేరు మీద ‘బై ఎ’ తగిలించిన నంబరుతో. మేడ కట్టినప్పుడు కొత్త నంబరు ఇచ్చి, పాతది కొట్టేయలేదు. ఆయన ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో పన్ను రసీదులు ఏడాదివారీగా రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. మేడ కట్టిన ఏడాది రసీదు తీసి, పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కనే రాసి ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు. అక్కడితో పని తేలిపోయింది. అలాంటి తప్పే పడి రసీదులు లేనివాళ్లు నెలల తరబడి తిరిగారు.

అందుకే నీకు చెప్పేది: పంచాయతీ కాలం నాటి ఇంటి పన్ను రసీదులు, ఇంటి నంబరు కేటాయించిన కాగితం, కట్టుకున్నప్పటి అనుమతి, ప్లాను ఒకచోట చేర్చు. ఏదైనా దొరక్కపోతే ఇంటి పన్ను లెక్కగట్టిన పాత అసెస్‌మెంట్ రిజిస్టర్‌లో నీ ఇంటి పేజీ నకలు కావాలని అర్జీ పెట్టు. అర్జీలు తీసుకునే ఇన్‌వార్డ్ కౌంటర్‌లో ఇచ్చి, నీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకో. నోటిమాటగా అడిగి వచ్చేయకు. పలకకపోతే సమాచార హక్కు కింద అడుగు, 30 రోజుల్లో జవాబివ్వాలి. పాప పుట్టినప్పుడు జనన నమోదు పంచాయతీలోనే అయిందిగా? ఆ సర్టిఫికెట్ కూడా ఈ ఊపులోనే ఆన్‌లైన్‌లో కనిపిస్తుందో లేదో చూడు. స్కూల్లో అడిగినప్పుడు పరిగెత్తడం కంటే ఇప్పుడే మేలు.

ఇక పన్ను. పెరుగుతుంది, అబద్ధం చెప్పను. పంచాయతీ లెక్క వేరు, నగరం లెక్క వేరు. జీహెచ్‌ఎంసీలో ఇంటి ప్లింత్ ఏరియాను, అంటే కట్టిన విస్తీర్ణాన్ని, చదరపు అడుగుకు నెల అద్దె రేటుతో లెక్కగట్టి, ఏడాది అద్దె విలువ మీద పన్ను వేస్తారు. మీ ప్రాంతానికి ఏ రేటు, నీ ఇంటికి ఎన్ని అడుగులు, ఇల్లా దుకాణమా అన్న మూడింటి మీదే బిల్లంతా ఆధారపడుతుంది. ముందు గదిలో మీ ఆవిడ కుట్టు మిషన్ పెట్టుకుందని ఇల్లంతా కమర్షియల్ కింద రాశారేమో చూడు. బాల్కనీని గదిగా కొలిచారేమో చూడు. తప్పుంటే నోటీసులో రాసిన గడువులోపే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వు, గడువు దాటితే ఎంత న్యాయమున్నా కాళ్లరుగుతాయి. పాత బకాయి ఉంటే పంచాయతీ పోయిందిగా, బాకీ కూడా పోయిందనుకోకు. కొత్త ఖాతాలోకి అదీ వస్తుంది. పీటీఐఎన్ అని ఆస్తి పన్నుకు గుర్తుగా పది అంకెల నంబరు ఇస్తారు, దాన్ని మీ సేల్ డీడ్ జిరాక్స్ మీద రాసి పెట్టుకో. ఏప్రిల్‌లో ఏడాది పన్ను ఒకేసారి కడితే ఎర్లీ బర్డ్ కింద 5 శాతం తగ్గింపు ఇస్తూ వస్తున్నారు. ఆ నెల వదులుకోకు.

మీ తమ్ముడి ప్లాటు సంగతి వేరు, అది కాస్త జాగ్రత్తగా చదువు. అది పంచాయతీ పేరుతో వేసిందే తప్ప పై అనుమతి లేని లేఅవుట్. నగరంలో కలిసింది కాబట్టి దానంతటదే రెగ్యులర్ అయిపోయిందని ఆ బ్రోకర్ చెప్పాడట. కాదు. అనుమతి లేని లేఅవుట్ ఏ పరిధిలో ఉన్నా అనుమతి లేనిదే. 2020లో ఎల్‌ఆర్‌ఎస్‌కు, అంటే అలాంటి లేఅవుట్లను రెగ్యులర్ చేసే పథకానికి, 1000 రూపాయలు కట్టాడు కదా, ఆ రసీదు బంగారంలా దాచమను. ఆ దరఖాస్తు ఇప్పుడు ఏ ఆఫీసు చూస్తోందో కనుక్కుని, ఆ నంబరుతోనే ముందుకు పోవాలి. పార్కు స్థలం వదలని లేఅవుట్ అయితే ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ పడుతుంది. ఆ డబ్బు సిద్ధంగా ఉంచుకోమను.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. పాత తేదీతో పంచాయతీ పర్మిషన్ ఇప్పిస్తామని తిరిగేవాళ్లు ఉంటారు. దరిదాపులకు పోనివ్వకు. పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 జనవరి ఆఖరుతో ముగిసి, ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారులు వచ్చారు. ఆ తర్వాతి తేదీ ఉన్న కాగితం మీద సర్పంచ్ సంతకం కనిపిస్తే అది చెల్లదని చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు. అంతకుముందు తేదీ వేసినా రిజిస్టర్‌లో నంబరు ఉండదు. ఆ కాగితం నమ్ముకుని నాలుగంతస్తులు లేపితే రేపు బ్యాంకు లోన్ రాదు, కూల్చివేత నోటీసు మాత్రం వస్తుంది. కట్టాలనుకుంటే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లోనే దరఖాస్తు చేయమను.

మీ నాన్న అరెకరం గురించి కూడా అడిగావు. నగరంలో కలిసినంత మాత్రాన పొలం ప్లాటు అయిపోదు. నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, చేయించేదాకా అది పాస్‌బుక్కులో వ్యవసాయ భూమే. హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో చూడకుండా ఎవరితోనూ అగ్రిమెంట్ రాసుకోవద్దని అన్నయ్యకు నేను కూడా చెబుతాను. కలిసిన వెంటనే రేటు రెట్టింపు అవుతుందన్న మాట 2007లోనూ విన్నాను. రోడ్డు, నీళ్లు, డ్రైనేజీ వచ్చిన చోట రేటు పెరిగింది. బోర్డు మాత్రమే మారిన కాలనీలు ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి.

రేపు సర్కిళ్లు మార్చినా, కార్పొరేషన్‌ను మళ్లీ విడగొట్టినా ఇదే పద్ధతి. వార్డుల ముసాయిదా వచ్చినప్పుడు మీ కాలనీ రెండు ముక్కలైతే, గడువులోపల కాలనీ సంఘం తరఫున పటం గీసి, ఇంటి నంబర్లు వేసి అభ్యంతరం ఇవ్వండి. పది మంది వెళ్లి గొడవ చేయడం కన్నా ఆ ఒక్క కాగితమే ఫైల్లో నిలుస్తుంది.

రిజిస్టర్ నకలు చేతికొచ్చాక ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. పేరు, నంబరు, విస్తీర్ణం నేనూ ఓసారి సరిచూస్తాను.

మీ అత్తమ్మ