అరవై దాటాక నడక ఒక్కటే సరిపోతుందా?

రోజూ ఉదయం నడిచే 65 ఏళ్ల వ్యక్తికి వేరే వ్యాయామం కూడా కావాలా అన్న ప్రశ్నకు, కావాలనే చెప్పాలి. నడక గుండెకు మేలు చేస్తుంది గానీ, నడివయసుకు ముందే మొదలై అరవై తర్వాత వేగం పుంజుకునే కండరాల క్షీణతను అది పెద్దగా ఆపలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు, వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, కనీసం 2 రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామాన్ని, 65 దాటినవారికైతే 3 రోజులు తూలిపడకుండా నిలదొక్కుకునే సాధనను కూడా సూచించాయి. తీరిగ్గా కబుర్లాడుతూ సాగే పార్కు నడక చాలావరకు ఈ లెక్కలోకి రాదు. మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగం ఉండాలి. బలం కోసమైనా, తూలిపడకుండా ఉండటానికైనా జిమ్ముకే వెళ్లనక్కర్లేదు: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పక్కన ఒంటికాలిపై నిలబడటం మంచి ఆరంభం.