చెల్లెలి పాపకు నేను పాలిస్తే నేరమా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది గుంతకల్లు. నేను ట్రాన్స్‌జెండర్ మహిళను, వయసు 31. కలెక్టర్ గారు ఇచ్చిన గుర్తింపు కార్డు ఉంది. ఆరేళ్లుగా బెంగళూరులో ఒక డాక్టర్ దగ్గర హార్మోన్ మందులు వాడుతున్నాను. నెల కిందట మా చెల్లెలు కాన్పయ్యాక రక్తస్రావం ఆగక చనిపోయింది. ఆడపిల్ల పుట్టింది. మా మరిది "పాపను మీరే సాకండి వదినా" అని నా చేతికి, మా అమ్మ చేతికి అప్పగించాడు. ఇప్పుడు డబ్బా పాలు పడుతున్నాం. మందులు వాడి, పంపు పెడితే నాకూ పాలు పడే అవకాశం ఉందని మా డాక్టర్ చెప్పారు. ఈ సంగతి తెలిసి చెల్లెలి అత్తగారు "మేనమామ పాలిచ్చేదేంది? పోక్సో కేసు పెట్టిస్తాం, పాపను తీసుకుపోతాం" అంటున్నారు. ఇది నిజంగా నేరమా? నేను పాపను దత్తత తీసుకోవచ్చా? ఆసుపత్రి వాళ్లు నన్ను కాదంటే ఏం చేయాలి? పేరు వేయొద్దు.

జవాబు: అమ్మా, బాలింతను పోగొట్టుకున్న ఇల్లు మీది. ఆ దుఃఖంలోనే పసిబిడ్డ ఆకలి గురించి ఆలోచిస్తున్నారు. మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది కాబట్టి మొదటి జవాబు వెంటనే చెబుతాను. డాక్టర్ పర్యవేక్షణలో, బిడ్డ తండ్రి సమ్మతితో మీరు పాపకు పాలివ్వడం మన దేశంలో ఏ చట్టం కిందా నేరం కాదు. నాకు అంతకంటే ఎక్కువ దిగులు కలిగించింది మరో విషయం. పాప మీ ఒళ్లో ఉంది గానీ, ఆమె మీ దగ్గర ఉండవచ్చని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు పోక్సో.

పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 7వ సెక్షన్‌ను మీ చెల్లెలి అత్తగారికి ఎవరో సగం చదివి వినిపించి ఉంటారు. లైంగిక ఉద్దేశంతో పిల్లల శరీరంలోని కొన్ని భాగాలను తాకినా, పిల్లలచేత తన శరీరంలోని ఆ భాగాలను తాకించుకున్నా నేరమని ఆ సెక్షన్ చెబుతుంది. ఆ భాగాల్లో రొమ్ము కూడా ఉంది. అందుకే ఈ బెదిరింపు పైకి బలంగా కనబడుతుంది. కానీ సెక్షన్‌కు ప్రాణం లైంగిక ఉద్దేశం అన్న మాటలో ఉంది. 2021 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌కు లైంగిక ఉద్దేశమే ముఖ్యమని తేల్చి చెప్పింది. ఆకలేసిన బిడ్డకు పాలివ్వడంలో ఆ ఉద్దేశం లేదు. ఇచ్చేది కన్నతల్లి అయినా, పెద్దమ్మ అయినా, ట్రాన్స్ మహిళ అయినా ఇందులో తేడా లేదు.

అలాగని నిశ్చింతగా కూర్చోమని చెప్పను. పోక్సో కేసు నడిస్తే 29, 30 సెక్షన్ల కింద కోర్టు మొదట నిందితుల మీదే అనుమానంతో మొదలుపెడుతుంది. ఆ ఉద్దేశం లేదని చూపించుకోవాల్సిన భారం మన మీద పడుతుంది. అప్పుడు మిమ్మల్ని కాపాడేవి డాక్టర్ రాసిన చీటీలు, పాప బరువు రాసిన టీకాల కార్డు, పిల్లల డాక్టర్ సలహా, మీ మరిది రాసిచ్చిన సమ్మతి. ఇవన్నీ పాలు మొదలుపెట్టకముందే ఒక ఫైల్లో ఉండాలి. అవతలివాళ్లకు కూడా ఒక సంగతి తెలియాలి. ఎదుటివాళ్లను అవమానించడానికో, బెదిరించడానికో పోక్సో 7వ సెక్షన్ కింద అబద్ధపు ఫిర్యాదు చేస్తే, అదే చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని మాటలతో గానీ చేతలతో గానీ హింసిస్తే ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ కోసం వచ్చిన 2019 చట్టం 18వ సెక్షన్ కింద ఆరు నెలలకు తక్కువ కాకుండా రెండేళ్ల వరకు శిక్ష ఉంది. అయినా మీరు ముందుగా వెళ్లి ఎదురు కేసు పెట్టొద్దు. రేపు పాపకు ఆ నాయనమ్మ కావాల్సి రావచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. తల్లి లేని పాపకు చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, అంటే మీ మరిది. ఆయన తర్వాతే ఎవరైనా. నాయనమ్మకు ఆయనను మించిన హక్కు లేదు, మీకూ లేదు. కాబట్టి ఈ రోజు ఆయన మాటే మీకు అండ. ఆ మాట నోటి మాటగా మిగిలిపోకూడదు. పాపను మీ దగ్గర, మీ అమ్మగారి దగ్గర ఉంచుతున్నట్టు, వైద్యం, ఆహారం విషయంలో మీరు నిర్ణయాలు తీసుకోవచ్చని, డాక్టర్ సలహాతో పాలిచ్చే విషయం తనకు తెలుసని, సమ్మతేనని ఆయన చేత రాయించి సంతకం పెట్టించండి. ఇద్దరు సాక్షులు ఉండాలి, వీలైతే అందులో ఒకరు ఆయన వైపు మనిషి అయితే మంచిది.

దత్తత గురించి. మీరంతా హిందువులైతే 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వర్తిస్తుంది. తల్లి చనిపోయింది కాబట్టి బిడ్డను దత్తత ఇచ్చే అధికారం తండ్రిదే. తీసుకునేవాళ్ల గురించి 7వ సెక్షన్ హిందూ పురుషుడు తీసుకోవచ్చంటుంది, 8వ సెక్షన్ హిందూ స్త్రీ తీసుకోవచ్చంటుంది. పెళ్లి కాకపోయినా అడ్డు లేదు. మిమ్మల్ని స్త్రీగానే చూడాలన్నది నా వాదన. 2014లో ట్రాన్స్‌జెండర్ల లింగ గుర్తింపుపై వచ్చిన నల్సా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. 2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక 498ఏ (భర్త, అత్తింటివాళ్ల వేధింపుల) కేసులో, పిల్లల్ని కనలేదు కాబట్టి ట్రాన్స్ మహిళ స్త్రీ కాదన్న వాదనను తోసిపుచ్చింది. సరైన ఆధారాలు లేవని ఆ కేసును మాత్రం కొట్టేసింది, అది వేరే విషయం. ఒకవేళ ఎవరైనా అధికారి మొండిగా మిమ్మల్ని పురుషుడిగానే లెక్కగట్టాడనుకుందాం. అప్పుడు 11వ సెక్షన్ కింద వచ్చే అభ్యంతరం ఒకటే, పురుషుడు ఆడపిల్లను దత్తత తీసుకోవాలంటే ఇద్దరి మధ్య 21 ఏళ్లు తేడా ఉండాలి. మీకు 31, పాపకు నెల. ఎటు చూసినా మీకు అర్హత ఉంది. బాలల న్యాయ చట్టం 2015 కింద వెళ్తే మాత్రం చిక్కు రావచ్చు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను దత్తత ఇవ్వకూడదని అక్కడ స్పష్టంగా ఉంది, మీ కార్డులో ఏముందన్న చర్చంతా మొదలవుతుంది. అందుకే మీ కేసులో 1956 చట్టం దారే మేలు.

అయితే దత్తపత్రం ఈ నెలలోనే రాయించుకోవాలని ఆత్రపడొద్దు. ఒకసారి చెల్లుబాటయ్యే దత్తత జరిగితే 15వ సెక్షన్ ప్రకారం దాన్ని రద్దు చేసుకోవడం కుదరదు, తండ్రి వెనక్కి తీసుకోలేడు, మీరూ వదులుకోలేరు. భార్య పోయి నెల అయిన మనిషి చేత ఇప్పుడు సంతకం పెట్టిస్తే, రేపు ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాక, దుఃఖంలో ఉన్నవాణ్ణి మభ్యపెట్టి రాయించుకున్నారని కోర్టుకెక్కేవాళ్లు ఉంటారు. కొన్ని నెలలు ఆగండి. ఆయన నిదానంగా ఆలోచించుకుని, తన వాళ్లతో మాట్లాడుకుని ముందుకు రావాలి. అప్పుడు పెద్దల ముందు బిడ్డను చేతికిచ్చి పుచ్చుకునే కార్యం జరిపి, ఫోటోలు తీయించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తపత్రం రిజిస్టర్ చేయించండి. రిజిస్టరైన పత్రం ఉంటే దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు మొదట భావిస్తుంది. మన వైపు చాలామంది నోటరీ దగ్గర బాండు పేపరు మీద నాలుగు ముక్కలు రాయించుకుని దత్తత అయిపోయిందనుకుంటారు. దాన్ని నమ్ముకోవద్దు. ఇంకో మాట, ఈ వ్యవహారంలో ఒక్క రూపాయి కూడా చేతులు మారకూడదు. దత్తతకు డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం నేరం. బిడ్డను అమ్మారు, కొన్నారు అన్న ఆరోపణ దాకా పోతే బాలల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు కఠిన శిక్ష ఉంది.

ఈలోగా పాపను లాక్కుపోయే ప్రయత్నం జరిగితే ఫ్యామిలీ కోర్టులో గార్డియన్ పిటిషన్ వేయవచ్చు. అందులో మీ అమ్మగారిని కూడా పిటిషనర్‌గా చేర్చండి. మీరు ఒక్కరే ఉంటే వాదన మీ ఒంటి చుట్టూ తిరుగుతుంది. అమ్మమ్మ పక్కన ఉంటే పాప చుట్టూ తిరుగుతుంది. ఇలాంటి పిటిషన్లలో కోర్టు చూసేది బిడ్డ క్షేమం. ఎవరైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి అధికారులను మీ ఇంటికి పంపినా పాపను దాచొద్దు, తలుపు తీసి ఫైలు చూపించండి.

ఇక పాలివ్వడం మీ హక్కా అంటే, హక్కు అని నేను చెప్పలేను. 2021 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు తల్లిపాలను జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. బెంగళూరు ఆసుపత్రిలో దొంగిలించిన బిడ్డ కొప్పళలో ఒక పెంపుడు తల్లి దగ్గర పెరిగిన కేసు అది. పెంపుడు తల్లి తరఫున దేవకి, యశోదల కథ కూడా వినిపించారు, కోర్టు ఒప్పుకోలేదు. పాలిచ్చే హక్కు కన్నతల్లిది, పాలు తాగే హక్కు బిడ్డది అంది. ఆ తీర్పులో మీకు పనికొచ్చేది రెండో సగం. కన్నతల్లి లేని ఈ పాపకు మేలైన ఆహారం అందాలి, అదే మీ వాదనకు పునాది కావాలి. తల్లిగా నా తృప్తి కోసం అన్న మాట కోర్టులోనే కాదు, ఇంట్లో కూడా అనకండి. అది నిజమైన కోరికే కావచ్చు, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ కోర్టు పాప బరువు అడుగుతుంది.

వైద్యం నా రంగం కాదు, అయినా ఈ కేసు కోసం తెలుసుకోవాల్సినంత చదివాను. ట్రాన్స్ మహిళకు మందులతో పాలు పడినట్టు వైద్య పత్రికలో మొదటగా అచ్చయిన కేసు 2018లో న్యూయార్క్ నుంచి వచ్చింది. హార్మోన్లు, డోంపెరిడోన్ అనే మందు, పంపు వాడితే దాదాపు మూడు నెలలకు రోజుకు సుమారు 225 మిల్లీలీటర్లు వచ్చాయి. బిడ్డ ఆరు వారాలు ఆ పాల మీదే బాగా పెరిగింది, తర్వాత చాలక డబ్బా పాలు కలిపారు. దత్తత తీసుకున్న తల్లులకు పాలు పడేలా చేసే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. 2024లో బ్రిటన్‌లోని ససెక్స్ ప్రభుత్వ ఆసుపత్రుల ట్రస్టు ఈ పాలు కన్నతల్లి పాలతో పోల్చదగినవేనని రాసిన లేఖ బయటికొచ్చి పెద్ద గొడవైంది. అదే ఏడాది నవంబరులో, తల్లిపాల కోసం దశాబ్దాలుగా పనిచేస్తున్న లా లేచే లీగ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన మేరియన్ టాంప్సన్, 94 ఏళ్ల వయసులో, ఇలా పాలివ్వడాన్ని సంస్థ సమర్థించడం నచ్చక దాన్ని వదిలి వెళ్లారు. వద్దనేవాళ్లు అడిగే ఒక ప్రశ్న మాత్రం న్యాయమైనది: ఇంత తక్కువమంది మీద చూసి, మందుల ప్రభావం పసిబిడ్డ మీద దీర్ఘకాలంలో ఉండదని ఎలా అంటారు? డోంపెరిడోన్ గుండె లయను దెబ్బతీయవచ్చని, పాల కోసం వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2004లోనే హెచ్చరించింది. మన దగ్గర వాంతులకు ఇచ్చే మందే కదా అని మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని మింగొద్దు. మీరు టెస్టోస్టిరాన్ తగ్గించే మందులు వాడుతుంటే అవి పాలలోకి వెళ్తాయా అన్నది మీ డాక్టరూ, పాపను చూసే పిల్లల డాక్టరూ మాట్లాడుకుని రాతలో ఇవ్వాలి. మీకు ఈసీజీ తీయించుకోమంటే తీయించుకోండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి పరీక్షలు కూడా చేయించుకోండి, తల్లిపాల బ్యాంకుల్లో పాలు దానం చేసే ఏ తల్లికైనా చేసే పరీక్షలే అవి.

ఇంకోటి, పాలు వారంలో పడవు. అప్పటిదాకా, పడిన తర్వాత కూడా చాలావరకు, పాపకు డబ్బా పాలే ఆధారం. నీళ్లు మరిగించి, కొలత ప్రకారం కలిపి, ఉగ్గుగిన్నెతో పట్టండి, బరువు పెరుగుతోందో లేదో చూపించుకుంటూ ఉండండి. ఇంటర్నెట్‌లో తల్లిపాలు అమ్ముతామని ఎవరైనా అంటే కొనొద్దు. తల్లిపాల అమ్మకాన్ని అనుమతించేది లేదని ఆహార భద్రతా సంస్థ 2024 మే 24న స్పష్టం చేసింది.

ఆసుపత్రి విషయానికొస్తే, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో వైద్యం నిరాకరించడాన్ని 2019 చట్టం 3వ సెక్షన్ నిషేధించింది. కానీ మీ గుండె పరీక్ష చూసి ఈ మందు ఇవ్వను అంటే అది వివక్ష కాదు, డాక్టర్ బాధ్యత. రెండింటి తేడా తెలియాలంటే నిరాకరణకు కారణం రాసిమ్మని అడగండి. మిమ్మల్ని చూసి వద్దన్నవాళ్లు సాధారణంగా రాసివ్వరు.

చివరగా నా అనుభవంతో ఒక మాట. ఇలాంటి గొడవల్లో పైకి పాల గురించి, పరువు గురించి వినబడుతుంది, లోపల చనిపోయిన అమ్మాయి బంగారం ఉంటుంది. మీ చెల్లెలి నగలు ఎవరి దగ్గర ఉన్నాయో మీరు రాయలేదు. ఆమె సొంత ఆస్తిలో భర్తతో పాటు ఈ పాపకూ సమాన వాటా ఉంది, దత్తత జరిగినా ఆ వాటా పోదు. నగల జాబితా రాయించి మీ మరిది చేత సంతకం పెట్టించండి. పాప పేరు మీద ఉండాల్సింది మీ బీరువాలోనూ ఉండకూడదు, అత్తగారి బీరువాలోనూ ఉండకూడదు, బ్యాంకు లాకర్లో ఉంచండి.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే అనంతపురం జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు రండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. వచ్చేటప్పుడు మీ గుర్తింపు కార్డు, చెల్లెలి మరణ ధ్రువీకరణ పత్రం, పాప జనన ధ్రువీకరణ పత్రం, బెంగళూరు డాక్టర్ చీటీలు తెచ్చుకోండి. మీ మరిదిని కూడా వెంట తీసుకురండి.