జేబులో కెమెరా సరే, ఖాతాలో ఏముంది?

ప్రశ్న: ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. ఖర్చులన్నీ పోను జీతంలో పావు వంతు మిగులుతుంది. పొదుపు ఖాతాలో ఒక నెల ఖర్చులకు సరిపడా ఉంది. జేబులో పట్టే మంచి డిజిటల్ కెమెరా కొనాలని ఏడాదిగా అనుకుంటున్నాను. జూమ్ ఉన్న ఒక అంగుళం సెన్సార్ (వెలుతురును ఫొటోగా పట్టే పలక) కెమెరా తీసుకోవాలా, జూమ్ లేని, అంతకంటే పెద్దదైన ఏపీఎస్-సీ సెన్సార్ కెమెరా తీసుకోవాలా అన్నది తేలడం లేదు. ఏది కొన్నా దాదాపు రెండు నెలల జీతం. క్రెడిట్ కార్డు మీద 18 నెలల ఈఎంఐ పెట్టుకుంటే నెలకు జీతంలో ఎనిమిదో వంతే పడుతుంది. సెలవుల్లో చిన్న చిన్న వేడుకలకు ఫొటోలు తీస్తే ఆ వాయిదా దానంతట అదే తీరిపోతుందని ఆలోచన. ఏది కొనమంటారు?

జవాబు: ఏ కెమెరా అన్నది చివర్లో చెబుతాను. ముందు ‘ఎనిమిదో వంతే’ అన్నారే, దాని సంగతి చూద్దాం. ఆ ‘వంతే’లోని ఏత్వం ఎంతమందిని ముంచిందో నాకు తెలుసు. ఫోన్, బండి, టీవీ, ఇప్పుడు కెమెరా. వస్తువు మారుతుంది గానీ లెక్క మారదు: మొత్తం ఎంతో చూడరు, నెలకెంతో చూస్తారు. ఎనిమిదో వంతు చొప్పున 18 నెలలంటే రెండుంపావు నెలల జీతం. పావు నెల జీతం వడ్డీకే పోతోంది. ఏడాదికి సుమారు 15 శాతం అన్నమాట.

నన్ను కంగారు పెట్టింది వడ్డీ కూడా కాదు. మూడేళ్లుగా నెలనెలా పావు వంతు మిగిలి ఉంటే ఈపాటికి మీ దగ్గర తొమ్మిది నెలల జీతం ఉండాలి. ఉన్నది ఒక్క నెల ఖర్చు. మిగతాదంతా ఏమైంది? ఎక్కడైనా మదుపు చేసి ఉంటే రాసేవారే. కాబట్టి ఆ పావు వంతు కాగితం మీదే మిగులుతోందని, చేతికి రావడం లేదని నా అనుమానం. అదే నిజమైతే ఈ వాయిదా కట్టడానికి మీ దగ్గర మిగులే లేదు.

ఇప్పుడు నాలుగో వాయిదా కట్టాక ఉద్యోగం పోయిందనుకోండి. ఒక నెల గడుస్తుంది. రెండో నెల నుంచి కార్డు బిల్లులో ‘కనీస చెల్లింపు’ మాత్రమే, అంటే ఆ నెలకు బ్యాంకు ఇంతైనా కట్టమనే మొత్తమే కడతారు. నెలకు 3 శాతం వడ్డీ, బాకీలో 5 శాతం కనీస చెల్లింపు ఉన్న కార్డు మీద 100 బాకీ ఉంటే, ఏడాది పాటు అలా కట్టుకుంటూ పోతే మీ చేతి నుంచి దాదాపు 55 పోతుంది. అయినా ఇంకా 77 బాకీ ఉంటుంది. మీరు ఆ కార్డు మీద కొత్తగా ఒక్క వస్తువు కూడా కొనకుండానే ఇదంతా. ‘అవసరానికి కార్డు ఉందిగా’ అంటారా? ఈఎంఐ పెట్టుకున్న రోజే ఆ మేరకు కార్డు పరిమితి కూడా తగ్గిపోతుంది. ఇల్లు కాలినప్పుడు నీళ్ల కోసం దాచిన బిందెకు మీరే చిల్లు పెట్టుకుంటున్నారు.

అందుకే ప్రతిసారీ చెప్పేదే మళ్లీ చెబుతున్నాను, విసుగొచ్చినా వినండి. అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చులకు సరిపడా ఉండాలి. అది జీతం పడే ఖాతాలో కాదు, వేరే ఖాతాలో ఉండాలి. జీతం పడిన రోజే పావు వంతు అక్కడికి వెళ్లిపోవాలి, నెలాఖరున మిగిలితే చూద్దాం అనుకోవద్దు. కెమెరా మీద ఏడాదిగా మనసు పడ్డారు కాబట్టి ఒక మెట్టు దిగుతాను. ముందు మూడు నెలల ఖర్చులు జమచేయండి. ఇప్పుడున్న నెల పోను ఇంకా రెండు నెలలవి కావాలి, ఆరు నెలల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఎనిమిది నెలల మిగులుతో రెండు నెలల జీతం చేతికొస్తుంది. మొత్తం 14 నెలలు. మీ ఈఎంఐ ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉండగానే, అప్పు లేకుండా కెమెరా మీ జేబులో ఉంటుంది. కొన్నాక ఆగిపోకుండా ఆ నిధిని ఆరు నెలలకు చేర్చండి. ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు, లేకపోతే వెంటనే తీసుకోండి. కెమెరా బీమా గురించి తర్వాత ఆలోచించవచ్చు.

వేడుకల ఫొటోల ఆదాయమంటారా, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. జేబు కెమెరాలు అలాంటి పనికి చేసినవి కావు. మీరడిగిన రెండు రకాల్లో జూమ్ లేని రికో జీఆర్ 3 బ్యాటరీ ఒక చార్జికి సుమారు 200 ఫొటోలు తీస్తుంది, అంగుళం సెన్సార్ ఉన్న సోనీ ఆర్ఎక్స్100 ఏడో తరం కెమెరా సుమారు 260. ఒక వేడుకలో అవి గంటన్నరకే అయిపోతాయి. పైగా జీఆర్ 3లో లోపల ఫ్లాష్ లేదు. నిజంగా డబ్బులిచ్చేవాళ్లు ఉంటే రెండు మూడు సార్లు కెమెరా అద్దెకు తీసుకుని తీసి చూడండి.

ఇక మీరడిగింది. ‘ఒక అంగుళం సెన్సార్’ నిజానికి అంగుళం ఉండదు, 13.2 × 8.8 మిల్లీమీటర్లే. పాత వీడియో కెమెరా గొట్టాల కొలతల నుంచి వచ్చిన పేరది. అయినా చవక జేబు కెమెరాల్లో ఉండే చిన్న సెన్సార్‌కు ఇది వైశాల్యంలో నాలుగింతలు. జీఆర్ 3లోని ఏపీఎస్-సీ సెన్సార్ దీనికి మూడింతలకు పైనే, కానీ 28 మిల్లీమీటర్ల చూపు ఒక్కటే, అంటే ఎప్పుడూ విశాలమైన దృశ్యమే, జూమ్ లేదు. వీధుల్లో తిరుగుతూ ఫొటోలు తీసుకోవడమే మీ సరదా అయితే అదే మేలు. ప్రయాణాలు, ఇంట్లోవాళ్ల ఫొటోలు అయితే అంగుళం సెన్సార్ చాలు. దానికి కొత్తదే కొననక్కర్లేదు. 2014లో వచ్చిన ఆర్ఎక్స్100 మూడో తరం కెమెరాలో 24-70 మిల్లీమీటర్ల జూమ్, వెలుతురును బాగా లోపలికి రానిచ్చే ఎఫ్1.8 లెన్స్, పైకి లేచే ఫ్లాష్ ఉన్నాయి. అది వాడినది దొరికితే ఆ ఎనిమిది నెలలు ఇంకా తగ్గుతాయి.

వాడినది కొనేటప్పుడు జూమ్‌ను పదిసార్లు ముందుకీ వెనక్కీ పంపి, గరగరమనే శబ్దం వస్తోందేమో వినండి. లెన్స్ రంధ్రం బాగా చిన్నదయ్యేలా ఎఫ్11 దగ్గర పెట్టి తెల్ల గోడను ఫొటో తీసి చూడండి. నల్ల చుక్కలు కనిపిస్తే వదిలేయండి. లెన్స్ ఊడిరాని కెమెరాలో సెన్సార్ మీద దుమ్ము తుడవాలంటే మొత్తం విప్పాల్సిందే. నేను ఒకసారి ఆ చుక్కలు చూసీ చవకగా వస్తోందని కొన్నాను. విప్పించి శుభ్రం చేయించడానికి, కెమెరాకు పెట్టినదానిలో సగం అయింది.